సన్న మూతి కిందికి

కొత్త పొయ్యిలు పన్నెండూ గడ్డి కుక్కిన పెట్టెల్లో వచ్చాయి. గొట్టాలక్క ఒక్కో పెట్టె విప్పి, పొయ్యిని బల్ల మీద బోర్లించి, నాలుగు కాళ్ళూ మరలతో బిగించి, మళ్ళీ నిలబెట్టి అరచేత్తో ఒక తట్టు తట్టింది. కాస్త కుంటినా ఆ కాలు విప్పి మళ్ళీ బిగించింది. గుడారంలో చలికి పెట్టుకునే పొయ్యి పెద్ద బరువేం ఉండదు. చిన్న సూట్‌కేసంత రేకుపెట్టె, ఒక మనిషి చంకన పెట్టుకుని కొండెక్కొచ్చు. దాంతో ఉన్న చిక్కు కూడా ఆ తేలికతనమే. కాలు కుంటిందా, గొట్టం వాలుతుంది. గొట్టం వాలిందా, గుడారం అంటుకుంటుంది. పదకొండు చలికాలాలుగా ఆ కొండవాలు టూరిస్టు క్యాంపులో ఒక్క గుడారమూ అంటుకోలేదు. పదకొండు చలికాలాలూ పొయ్యిలు పెట్టింది ఆమే. ఆ మాట ఆమె ఎవరితోనూ అనదు గానీ, తనలో తను అనుకోకుండా మాత్రం ఉండదు.

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. వంటవాడి దగ్గర్నుంచి తోటపనివాడి దాకా అందరికీ గొట్టాలక్కే. బట్టలుతికే షెడ్డులో పనిచేసే ఆడబిడ్డ ఒక్కతే వదినా అంటుంది. ఇద్దరిదీ పనివాళ్ళ వరసలో ఒకటే గది, రెండు మంచాలు, ఒక అద్దం. అద్దం ఎక్కువసేపు ఆడబిడ్డ దగ్గరే ఉంటుంది.

సూపర్వైజరు చేతిలో కాగితంతో వచ్చాడు. ఆయన చేరి ఏడాది కాలేదు. మెడలో ఎప్పుడూ ఒక ఈల వేలాడుతుంటుంది, అది ఊదితే అందరూ ఎక్కడి పనులక్కడ వదిలేసి పరిగెత్తాలి. పనివాళ్ళు ఆయనకి ఈలసారు అని పేరు పెట్టారు. ఎదురుగా ఉన్నప్పుడు అందులో రెండో సగమే వినిపిస్తారు.

"గొట్టాలన్నీ సన్న మూతి పైకి పెట్టి బిగించు," అన్నాడు.

గొట్టాలక్క చేతిలోని గొట్టం వైపు చూసుకుంది. ప్రతి గొట్టానికీ ఒక మూతి వెడల్పుగా ఉంటుంది. రెండో మూతి చుట్టూ నొక్కులు పెట్టి సన్నగా చేసి ఉంటుంది, ఇంకో గొట్టంలో దూరడానికి. ఆమె అప్పటికే రెండు గొట్టాలు కలిపింది, సన్న మూతి కిందికి పెట్టి.

"కిందికి పెట్టాలి సార్."

"పొగ ఎటు పోతుంది? పైకేగా? కింది గొట్టం పైదాన్లో దూరి ఉంటే పొగ నేరుగా పోతుంది. నువ్వు పెట్టినట్టు పెడితే అతుకులోంచి బయటికి వస్తుంది. బుర్రున్న వాడెవడికైనా తెలుస్తుంది."

"పొగ రాదు సార్. పొయ్యి రాజుకుంటే గొట్టమే పొగని లాక్కుంటుంది. కారేది పొగ కాదు, నల్ల జిడ్డు. కట్టెలో తడి పొగతో పాటు పైకెళ్ళి, చల్లటి గొట్టానికి తగిలి, జిడ్డయి లోపలి గోడ వెంట దిగుతుంది. సన్న మూతి కిందికుంటే అది లోపల్లోపలే జారి పొయ్యిలో పడి కాలిపోతుంది. పైకుంటే అతుకు దగ్గర బయటికొచ్చేస్తుంది."

"ఇది చూడు." పెట్టెలో వచ్చిన కాగితం మీద పొయ్యి బొమ్మ ఉంది. గొట్టం పక్కనే పైకి చూపిస్తూ ఒక బాణం గుర్తు.

"ఆ బాణం పొగది సార్. మూతిది కాదు."

ఈలసారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. పైగా చుట్టూ వంటవాడూ తోటపనివాడూ నిలబడి వింటున్నారు. నలుగురి ముందు కుందేలుకి నాలుగో కాలు మొలిపించడం ఆయన వల్ల కాలేదు.

"నాలుగింటికి బస్సొస్తుంది. పన్నెండు టెంట్లకీ పొయ్యిలు కావాలి. వాదిస్తావా, బిగిస్తావా?"

గొట్టాలక్క బిగించింది. తర్వాత మూడు రోజులపాటు ఆమె తనని తాను తిట్టుకున్నది ఆ ఒక్క పనికే.

టెంటు నేల మీద కాలని చాప పరిచింది. పొయ్యిని గుడ్డ గోడకి బారెడు దూరంలో నిలబెట్టింది. అడుగున రేకు మాడిపోకుండా రెండు వేళ్ళ మందాన ఇసక పోసింది. గొట్టాలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, పైకప్పులో కుట్టిన కాలని గుడ్డ కన్నంలోంచి బయటికి తీసి, కొసకి నిప్పురవ్వలు ఎగరకుండా జాలీ టోపీ పెట్టి, మూడు వైపులా తీగలు లాగి మేకులకి కట్టింది. అన్నీ ఎప్పటిలాగే చేసింది, మూతులు తప్ప. మొదటి గొట్టం వెడల్పు మూతి పొయ్యి మెడ మీద సరిగా కూర్చోలేదు. సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే కూర్చుంది. అన్నిటికీ అలాగే వేసింది. ఆ దెబ్బలు అవసరమైన దానికన్నా గట్టిగానే పడ్డాయి.

మర్నాడు పొద్దున్నే ఈల మోగింది. ఏడో నంబరు టెంటు ముందు ఒక పెద్దావిడ మీగడరంగు ఉన్ని కోటు పట్టుకుని నిలబడింది. వీపు మీద బెత్తెడు వెడల్పున నల్లటి చార. పక్కన ఆవిడ భర్త చేతులు వెనక్కి కట్టుకుని, టెంటులోకి వంగి గొట్టం కేసి చూస్తున్నాడు. మూడో నంబరులో దుప్పటి మీద, తొమ్మిదో నంబరులో తలగడ మీద, పదకొండులో ఎవరిదో పుస్తకం మీద అదే నలుపు. మాడిన చక్కెర, తారు కలిసినట్టుగా ఒకటే కంపు.

గొట్టాలక్క లోపలికెళ్ళి అతుకు కింద వేలు పెట్టింది. జిగట. గొట్టం బయటి వైపు వెంట్రుకంత సన్నగా మొదలైన చార కింది అతుకు దగ్గరికి వచ్చేసరికి చిటికెన వేలంత అయింది. నిన్న నోటితో చెప్పింది ఇప్పుడు కళ్ళెదురుగా కనబడుతోంది. చెప్పినట్టే అయిందన్న సంతోషం మాత్రం ఏ మూలా లేదు.

అరగంటలో ఆఫీసు గదికి పిలుపొచ్చింది. బల్ల మీద ఒక కాగితం టైపు చేసి ఉంది. ఆమె చదువుకున్నది మూడో తరగతి. వేలు పెట్టుకుని నెమ్మదిగా చదివింది. గొట్టాల అతుకులు సరిగా బిగించకపోవడం నా నిర్లక్ష్యమని, అతిథుల వస్తువులు పాడైనందుకు నాదే బాధ్యత అని, క్షమించమని రాసుంది. కింద సంతకానికి ఖాళీ.

"ఎల్లుండి ఓనరమ్మ వస్తున్నారు," అన్నాడు ఈలసారు, కిటికీలోంచి బయటికి చూస్తూ. "ఆవిడకి ఏదో ఒకటి చూపించాలి. చిన్న విషయమే, పెట్టెయ్."

"అతుకులు గట్టిగానే ఉన్నాయి సార్. మూతులు తిరగబడ్డాయి."

"బిగించింది నువ్వా, నేనా?"

"నేనే."

"మరి?"

"బిగించమంది మీరు."

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది ఈయన వ్యవహారం అనుకుంది. అంతలోనే, ఇక్కడ మద్దెలని నేనే కదా అని ఒళ్ళు మండింది. పెన్ను ఆమె ముందుకి జరిగింది. ఆమె దాన్ని ఒక వేలితో వచ్చిన దారినే వెనక్కి జరిపింది.

"సంతకం పెట్టకపోతే ఇవాళ్టి నుంచి పొయ్యి ముట్టుకోకు. ఉతికే షెడ్డులో చేరు."

"అలాగే సార్," అంది గొట్టాలక్క. నడుముకి కట్టుకున్న తోలు చేతితొడుగులు విప్పి, ఆ కాగితం మీదే పెట్టి వచ్చేసింది.

ఉతికే షెడ్డు సిమెంటు నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఆడబిడ్డ అప్పటికే నాలుగు దుప్పట్లు సోడా నీళ్ళలో నానేసింది. వదినని గుమ్మంలో చూడగానే విషయం అర్థమైపోయింది.

"రా వదినా రా. నీ గొట్టాలు కక్కిందంతా నేనొక్కదాన్నే ఉతకలేక చస్తున్నా."

"నా గొట్టాలు కాదే. ఈలసారు గొట్టాలు."

"ఎవరివైతేనేం, వేళ్ళు ఊడుతున్నది నావి."

ఇద్దరూ చెరో కొసా పట్టుకుని దుప్పటి పిండారు. నల్ల జిడ్డు పోలేదు. సోడాకి పసుపయింది, వేడినీళ్ళకి పాకింది, బ్రష్షుతో రుద్దితే గుడ్డే పలచబడింది. కట్టెల బూడిదకీ మసికీ అలవాటుపడ్డ గొట్టాలక్క చేతులు సోడాకి అలవాటుపడినవి కావు. మధ్యాహ్నానికి వేళ్ళ సందులు ఎర్రగా చిట్లాయి.

"సంతకమేగా వదినా," అంది ఆడబిడ్డ, ఆ వేళ్ళు చూసి. "ఒక గీత గీసి పడెయ్. నీ పని నీకొస్తుంది. ఆ కాగితం ఏ ఫైల్లోనో పడి చెదలు తింటాయి."

"చెదలు తినేదాకా అది నిజమేగా."

"నువ్వు బిగించలేదనా?"

"బిగించాను. చెయ్యి తిరిగిన పనిని తప్పని తెలిసీ చేశాను. ఆ సంగతి రాయమను, పెడతాను. నాకు పని రాదని రాస్తే మాత్రం పెట్టను. నాకున్నది అదొక్కటే కదే. అది కూడా లేదని నా చేత్తో నేనే రాసుకుంటే ఇంకేం మిగుల్తుంది?"

ఆడబిడ్డ ఆముదం సీసా తెచ్చి వదిన చేతులకి రాసింది. రాస్తూ ముక్కు ఎగబీల్చింది. "చలికి," అంది.

అవతల టెంట్లలో తోటపనివాడు పొయ్యిల పని చూస్తున్నాడు. మొక్కలకి అంటుకట్టడంలో వాడిని మించినవాడు లేడు గానీ, గొట్టానికి అంటుకట్టడం వేరు. ఈలసారు చెప్పినట్టు అతుకులన్నిటికీ జిగురు టేపు చుట్టాడు. గొట్టం వేడెక్కగానే టేపు కాలి, రెండు టెంట్ల వాళ్ళు దగ్గుకుంటూ బయటికి పరిగెత్తారు. టేపు తీసి బంకమట్టి మెత్తాడు. మట్టి ఎండి, పగిలి, జిడ్డుతో సహా దుప్పట్ల మీద రాలింది. గోరుచుట్టు మీద రోకలి పోటంటే ఇదేనని ఆడబిడ్డ ఒక్కో దుప్పటీ లెక్కపెడుతూ అంది.

మర్నాడు గొట్టాలక్క షెడ్డు వెనకున్న పాత పొయ్యి బయటికి లాగింది. నీళ్ళు కాగబెట్టడానికి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, అది టెంటు పొయ్యి కాదు, పారేసింది. తుప్పు గీకి, కాళ్ళ కింద రాళ్ళు పెట్టి సమం చేసి, నాలుగు గొట్టాలు సన్న మూతి కిందికి పెట్టి నిలబెట్టింది. టెంట్లకి వేస్తున్న పచ్చి కట్టెలే ఇందులోనూ వేసింది. ఉతికిన తెల్లటి తలగడ గలీబు ఒకటి చింపి, మధ్య అతుక్కి కాస్త కిందుగా గొట్టం చుట్టూ వదులుగా, తీగతో నిలబెట్టింది. నీళ్ళు కాగాయి. గుడ్డ వేడికి కాస్త గోధుమరంగు తిరిగింది తప్ప నల్లచుక్క పడలేదు.

ఏడో నంబరు పెద్దాయన భార్య కోటు సంగతేమైందో కనుక్కోవడానికి వచ్చి, అక్కడే ఆగిపోయాడు. నలభై ఏళ్ళు ఇంజన్ల షెడ్డులో పనిచేసిన మనిషి. గుడ్డకేసి చూశాడు, గొట్టం అతుకు చూశాడు, మెల్లగా నవ్వాడు.

"మా టెంటులోవి తలకిందులుగా ఉన్నాయి కదమ్మా?"

"అవును బాబుగారూ."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి ఎందుకు పెట్టావు?"

గొట్టాలక్క పొయ్యిలోకి ఒక కట్టె తోసింది. ఈ మూడు రోజుల్లో ఆ ప్రశ్న అడిగినవాడు ఈయనే. జవాబుగా ఆఫీసు గది వైపు తల ఊపింది. అడిగినందుకు ఆ ముసలాయనకి దణ్ణం పెట్టాలనిపించింది.

"రేపు మీ ఓనరొస్తున్నారటగా. నేను చెబుతాను," అన్నాడాయన.

"వద్దు బాబుగారూ. మీరు చెబితే అది మీ మాట అవుతుంది. నా మాట నేనే చెప్పుకుంటాను."

సాయంత్రం టీ వేళకి ఈలసారే షెడ్డు దగ్గరికి వచ్చాడు. చేతిలో ఆమె తోలు తొడుగులు. ముఖం విప్పారి ఉంది.

"తీసుకో. రేపట్నుంచి పొయ్యిలు మళ్ళీ నీవే. ఆ పని నిన్ననే చేసుంటే ఈ పాట్లు ఉండేవి కాదుగా."

"ఏ పని సార్?"

"సంతకం." ఆయన అప్పటికే వెనక్కి తిరిగాడు. "మీ ఆడబిడ్డతో పంపావుగా, అందింది. గొట్టాలు మాత్రం ఇప్పుడున్నట్టే ఉండాలి. ఓనరమ్మ చూసి వెళ్ళేదాకా కదిలించకు."

గొట్టాలక్క తొడుగులు పట్టుకుని అలాగే నిలబడింది. షెడ్డులోపల నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

ఆడబిడ్డ బకెట్టు వెనక కూర్చుని ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"నా పేరు రాయడానికి నువ్వెవరివే?" అంది గొట్టాలక్క. గొంతు పెంచలేదు. పెంచి ఉంటేనే ఆడబిడ్డకి తేలికగా ఉండేది.

"నీ చేతులు చూశావా వదినా? రాత్రి దుప్పటి కప్పుకోవడానికి కూడా వేళ్ళు ముడుచుకోవట్లేదు నీకు. పక్క మంచంలో పడుకుని చూస్తూ ఉండమంటావా? మధ్యాహ్నం ఈలసారు కాగితమిచ్చి, వదిన చేత పెట్టించుకురా అన్నాడు. పెట్టేశాను. నువ్వే పెట్టావని చెప్పాను."

"నేను వద్దన్న దాన్ని..."

"అవును, వద్దన్నావు. నాకూ చెవులున్నాయి." ఆడబిడ్డ కళ్ళు తుడుచుకుంది. "వెళ్ళి చెప్పు, అది నా సంతకం కాదని. దొంగ సంతకం పెట్టినందుకు నన్ను రేపే పంపించేస్తారు. పంపించనీ. చెప్పు."

గొట్టాలక్కకి ఆ క్షణంలో ఆడబిడ్డని రెండు తగిలించాలనీ అనిపించింది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. తీగ మీద ఆరిన దుప్పట్లు లాగి మడతపెట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆడబిడ్డ లేచి రెండో కొస పట్టుకుంది. చెబితే మనిషి పోతుంది, చెప్పకపోతే పేరు పోతుంది. మింగలేదు, కక్కలేదు.

ఓనరమ్మ పొద్దున పదింటికి వచ్చింది. పొట్టి జుట్టు, బూట్లకి బురద, తక్కువ మాట. టెంట్లన్నీ తిరిగి చూసి, ఆఫీసు గదిలో కూర్చుని గొట్టాలక్కని పిలిపించింది. ఈలసారు బల్ల పక్కన నిలబడ్డాడు. గుమ్మంలో ఆడబిడ్డ, కొత్త దుప్పట్ల కట్ట గుండెలకి హత్తుకుని. ఆ దుప్పట్లతో ఆఫీసు గదిలో ఆమెకి ఏ పనీ లేదు.

ఓనరమ్మ కాగితం ఇటు తిప్పింది.

"ఇది నీ సంతకమేనా?"

గుండ్రటి అందమైన అక్షరాలు. తన పేరు అంత అందంగా ఉంటుందని గొట్టాలక్కకి అంతవరకు తెలియదు.

"పేరు నాదేనమ్మా," అంది. "కాగితమే ఇంకా పూర్తి కాలేదు. పెన్ను ఒకసారి ఇస్తారా?"

"పూర్తయింది కదా, ఇంకేం..." అని ఈలసారు ముందుకొచ్చాడు. ఓనరమ్మ అప్పటికే పెన్ను ఇచ్చేసింది.

గొట్టాలక్క నిలబడే రాసింది. చిట్లిన వేళ్ళు పెన్నుని సరిగా పట్టుకోలేకపోయాయి. అక్షరాలు ఒకటి పొయ్యి కాలులా, ఒకటి వంగిన మేకులా పడ్డాయి. ఆమెకి ఒక్కో వాక్యానికీ చాలాసేపు పట్టింది. రాసి, కింద మళ్ళీ సంతకం పెట్టి, కాగితం ఓనరమ్మ వైపు తిప్పింది.

ఓనరమ్మ పైకే చదివింది. "'అతుకులు గట్టిగానే ఉన్నాయి. గొట్టాలు తిరగేసి బిగించింది నేను. తిరగేయమన్నది సూపర్వైజరు గారు. తప్పని తెలిసీ ఆయన మాట విన్నాను. నా తప్పు అదే. ఇకమీదట వినను.'"

ఓనరమ్మ కళ్ళు పై సంతకం నుంచి కింది సంతకానికి వెళ్ళాయి. మళ్ళీ పైకి వచ్చాయి.

"ఈ రెండూ ఒకలా లేవే."

గుమ్మంలో దుప్పట్ల కట్ట కదిలింది.

"మొదటిది నాకు ఇష్టం లేకుండా పడిందమ్మా. ఇది ఇష్టమై పెట్టింది. తేడా ఉంటుంది."

ఓనరమ్మ ఆమె చేతుల వంక చూసింది. తర్వాత ఈలసారు వంక చూసింది. ఆయన మెడలో ఈల తాడు సరిచేసుకుంటున్నాడు.

"'ఇకమీదట వినను' అని రాసిచ్చిన మనిషిని పనిలో ఉంచుకోవాలో వద్దో నేను ఆలోచించుకోవాలి," అంది ఓనరమ్మ.

"ఆలోచించుకోండమ్మా," అంది గొట్టాలక్క. "పొయ్యి విషయంలోనే లెండి, మిగతావన్నీ వింటాను. మధ్యాహ్నానికి కొత్త బస్సొస్తుంది. మీరు ఆలోచించుకునేలోపు నేను గొట్టాలు తిప్పుకొస్తాను."

సెలవు కోసం ఆగలేదు. గుమ్మంలో ఆడబిడ్డ పక్కకి తప్పుకుని దారిచ్చింది.

ఏడో నంబరు టెంటులో పొయ్యి చల్లగా ఉంది. గొట్టాలక్క తొడుగులు వేసుకుని, తీగలు వదులు చేసి, టోపీ తీసి, గొట్టాలు ఒక్కొక్కటే కిందికి దించింది. జిడ్డుతో కరుచుకుపోయిన అతుకుని మోకాళ్ళ మధ్య పట్టి తిప్పుతుంటే వెనకనుంచి రెండు చేతులు వచ్చి రెండో కొస పట్టుకున్నాయి. సోడాకి తెల్లబడ్డ చేతులు. గొట్టాలక్క తల తిప్పి చూడలేదు.

"గట్టిగా పట్టుకో. బట్టలు పిండినట్టు కాదు."

"తెలుసులే వదినా," అంది ఆడబిడ్డ, ముక్కు ఎగబీలుస్తూ.

అతుకు వదిలింది. గొట్టం లోపలంతా గీకి, తిరగేసి, సన్న మూతిని పొయ్యి మెడలో దింపింది. సుత్తి అవసరం లేకుండానే కూర్చుంది. రెండోది నిలబెడుతుండగా టెంటు గుడ్డ పక్కకి తొలిగి ఈలసారు ముఖం లోపలికి వచ్చింది. పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు.

"ఆవిడ ఇంకా ఏమీ తేల్చలేదు. ఎవరు తిప్పమన్నారు నిన్ను?"

గొట్టాలక్క రెండో గొట్టం మొదటిదాన్లో దింపి, అరచేత్తో పైనుంచి ఒక్క దెబ్బ వేసింది.

"ఎవరూ అనలేదు సార్," అంది. "మూడోది అందించండి."